ముసుగు కింద చెవులు: క్రిస్టల్ ఎక్సార్క్ ఏ రేస్?

ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేమ్ ఆడేవాళ్లందరినీ 2019లో ఒకే ప్రశ్న పట్టుకుంది. షాడోబ్రింగర్స్ అనే ఎక్స్‌పాన్షన్, అంటే గేమ్‌కు కొత్త కథ చేర్చే పెద్ద భాగం, రాబోతోంది. దానికి ముందు వచ్చిన కథలో ఎక్కడినుంచో ఒక గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు పిలిచినప్పుడల్లా హీరో (మనం ఆడే పాత్ర) పక్కనున్న మిత్రులు ఒక్కొక్కరే స్పృహ తప్పి పడిపోతారు. పిలిచేది ఎవరో తెలియదు. ముసుగు వేసుకున్న మనిషి, చేతిలో దండం, ముక్కు కిందనుంచి మాత్రమే కనిపించే ముఖం. పేరు కూడా చెప్పడు. క్రిస్టల్ ఎక్సార్క్ అనే బిరుదుతోనే పిలిపించుకుంటాడు.

ఇతను ఎవరు అన్న ప్రశ్న వెంటనే ఇంకో ప్రశ్నగా మారింది: ఇతను ఏ రేస్? బయటివాళ్లకు ఇది చాలా చిన్న విషయంలా అనిపిస్తుంది. ఆడేవాళ్లకు మాత్రం మొత్తం తాళంచెవి అక్కడే ఉంది. అప్పట్లో ఈ చర్చలో మునిగితేలినవాళ్లలో నేనూ ఒకడిని. ఇప్పటికీ ఆ చిక్కుముడి ఎంత అందంగా వేశారో తలచుకుంటే ముచ్చటేస్తుంది. ఈ కథ ఇంకా ఆడనివాళ్లు, ఆడాలనుకుంటున్నవాళ్లు ఇక్కడే ఆగిపోండి. కిందంతా స్పాయిలర్లే, ఈ కథను ముందే తెలుసుకుంటే నిజంగా నష్టమే.

ముందు రేస్ అనే మాట గురించి. దీన్ని తెలుగులో జాతి అని రాయడం నాకు ఇష్టం లేదు. మన దగ్గర ఆ మాట వెనక చాలా బరువుంది, ఈ గేమ్‌లో సంగతి వేరు. ఇక్కడ రేస్ అంటే మొదట ఒక శరీరం: ఎత్తు, ఎముకల అమరిక, చెవులు, తోక, కొమ్ములు. తర్వాత ఒక పేర్ల పద్ధతి. ఆ తర్వాత ఒక చరిత్ర. షాడోబ్రింగర్స్ వచ్చేసరికి ఆడుకోవడానికి ఎనిమిది రేస్‌లున్నాయి. మనలాంటి మనుషులు హ్యూర్. పొడుగు మెడ, కోసు చెవుల ఎలెజెన్. చిన్నపిల్లలంత ఎత్తుండే లాలాఫెల్. పిల్లి చెవులు, తోక ఉన్న మికోటే. భారీ కాయంతో రోగాడిన్. కొమ్ములు, పొలుసులతో ఔరా. కుందేలు చెవుల వియెరా. సింహంలాంటి ముఖంతో హ్రోత్‌గార్. చివరి రెండూ ఆ ఎక్స్‌పాన్షన్‌తోనే కొత్తగా చేరాయి.

గేమ్ తయారుచేసేవాళ్లు దాదాపు ప్రతి ముఖ్యపాత్రనూ ఈ అచ్చుల్లో ఏదో ఒకదాని మీదే నిలబెడతారు. కాబట్టి ముఖం దాచినా అచ్చు దాగదు. ఫ్యాన్స్ తీసివేతలు మొదలుపెట్టింది ఇక్కడినుంచే. లాలాఫెల్ ఎత్తు 90 సెంటీమీటర్లకు అటూఇటూ, వాళ్లు కారు. రోగాడిన్ మగవాళ్లు 213 దాటతారు, అదీ కాదు. ఔరా మగవాళ్లు కూడా 200 పైనే, పైగా కొమ్ములు ముసుగులో ఇమడవు. హ్రోత్‌గార్ అయితే గడ్డం, నోరు చూడగానే తెలిసిపోతుంది.

వియెరా సంగతి కొంచెం ఆగి చూడాలి. 2019లో ఆడటానికి ఇచ్చింది ఆడ వియెరాలను మాత్రమే. మగ వియెరా ఆటగాళ్ల చేతికి వచ్చింది 2021 డిసెంబర్‌లో, ఎండ్‌వాకర్ అనే తర్వాతి ఎక్స్‌పాన్షన్‌తో. పైగా ఆ నిలువు చెవుల వల్ల వియెరాలకు చాలావరకు టోపీలు, ముసుగులు తెరమీద కనిపించేవే కావు. ఆటగాళ్లు దానిమీద ఏళ్లతరబడి గొడవ చేశారు. అంటే ఎంతో ఇష్టంగా ముసుగు వేసుకుని తిరిగే మగమనిషి వియెరా అయ్యే అవకాశం దాదాపు లేదు. గేమ్‌లోని ఒక సాంకేతిక లోపం కథలో ఆధారంగా పనికిరావడం చూసి నేను అప్పట్లో చాలా ఆనందపడ్డాను.

ఇక మిగిలినవి మూడు: హ్యూర్, ఎలెజెన్, మికోటే. ఎలెజెన్ మగవాళ్లు 194 పైన ఉంటారు, పక్కన నిలబడితే తేడా తెలుస్తుంది. ఎక్సార్క్ అంత పొడుగు కాదు. కాబట్టి హ్యూర్ లేదా మికోటే. మికోటే మగవాళ్ల ఎత్తు సుమారు 160 నుంచి 173 దాకా, హ్యూర్ మగవాళ్లలో మిడ్‌లాండర్లది 168 నుంచి 182 దాకా. ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలుస్తాయి. ఎత్తు ఇక సాయం చెయ్యదు. తేల్చాల్సింది చెవులు, తోక. చెవులు ముసుగులో ఉన్నాయి. తోక ఉందో లేదో ఆ పొడుగు అంగీ చెప్పనివ్వదు.

కళ్లు కూడా ముసుగులోనే ఉన్నాయి. చాలామంది చెవుల గురించే మాట్లాడారు గానీ, నా దృష్టిలో అసలు దాచింది కళ్లను.

ఇక్కడ కథ కొంచెం వెనక్కి వెళ్లాలి. 2010లో వచ్చి దెబ్బతిన్న ఈ గేమ్‌ను నిర్మాత, దర్శకుడు నవోకి యోషిదా బృందం తిరగరాసి 2013 ఆగస్టులో మళ్లీ విడుదల చేసింది. ఆ తర్వాత 2013 డిసెంబర్ నుంచి 2015 జనవరి దాకా మూడు విడతలుగా ఒక రైడ్ కథ వచ్చింది. ఎనిమిదేసి మందితో మూడు జట్లు, మొత్తం 24 మంది కలిసి ఆడాలి. దాని కేంద్రం మోర్ ధోనా అనే చోట నిలబడ్డ క్రిస్టల్ టవర్. వేల ఏళ్ల కిందటి అలాగ్ అనే సామ్రాజ్యం కట్టిన గోపురం అది. ఆ కథలో హీరోకు తోడుగా ఒక కుర్ర పండితుడుంటాడు. పేరు గ్రహా టియా. ఎర్రజుట్టు, పిల్లిచెవులు, హుషారు, హీరో అంటే పడిచచ్చే అభిమానం. ఒక కన్ను మాత్రం ఎర్రగా ఉంటుంది.

ఆ ఎర్రకన్ను అలాగ్ రాజవంశం గుర్తు. ఆ వంశానికి చెందిన ఒకరు తన రక్తాన్ని గ్రహా పూర్వీకుడికి ఇచ్చారు. తరాలు దాటి అది ఇతని కంట్లో తేలింది. కథ చివర్లో ఇంకాస్త రాజరక్తం అందుకుని రెండు కళ్లూ ఎర్రబడతాయి. గోపురం రాజరక్తం మాటే వింటుంది కాబట్టి, లోపలికి వెళ్లి తలుపులు మూసుకుని, దాన్ని లోకానికి మేలుగా వాడగలిగే కాలం వచ్చేదాకా నిద్రపోతానంటాడు. తలుపులు మూసుకుంటాయి. అంతే, నాలుగేళ్లపాటు అతని ఊసు లేదు.

ఇప్పుడు 2019కి రండి. కొత్త ఎక్స్‌పాన్షన్ జరిగేది ఫస్ట్ అనే వేరే లోకంలో. అక్కడి నగరం పేరు క్రిస్టేరియం. నగరం నడిబొడ్డున గోపురం ఉంది, అదే ఆకారం, అదే నీలి మెరుపు. దాన్ని చెప్పుచేతల్లో పెట్టుకున్నవాడు ఎక్సార్క్. గోపురం రాజరక్తం మాటే వింటుందని పాత రైడ్ ఆడినవాళ్లకు తెలుసు. కాబట్టి ముసుగు కింద ఎర్రకళ్లుండాలి. ఎర్రకళ్లుంటే పిల్లిచెవులుండాలి. ఈ వరసలో రేస్ అనేది మొదటి మెట్టు కాదు, చివరి మెట్టు.

అయితే ఈ తర్కంలో ఒక బొక్కుంది. అలాగ్ రాజరక్తం ఉన్నవాడు మికోటేనే ఎందుకు కావాలి? గేమ్‌లో మనం చూసిన రాజరక్తపు ప్రతిరూపాలు మనుషుల్లాగే ఉంటారు. రక్తం వేరు, రేస్ వేరు. ఒక రాజవంశపు రక్తం పిల్లిచెవుల వంశంలోకి చేరిందంటే, ఇంకో వంశంలోకి చేరి ఉండకూడదని ఏముంది? ఎక్సార్క్ ఇంకెవరో అలాగ్ వారసుడు, హ్యూర్ అని వాదించినవాళ్ల ఆధారం ఇదే. నేను వాళ్ల పక్షం కాదు గానీ, ఆ వాదన గట్టిదే. రక్తాన్నీ రేస్‌నూ ఒకటిగా చూడొద్దని గేమే నేర్పింది కదా.

బిరుదు కూడా కొంత దారి చూపింది. ఎక్సార్క్ అనేది కల్పించిన మాట కాదు. బైజాంటిన్ సామ్రాజ్యంలో దూరప్రాంతాలను చక్రవర్తి తరఫున ఏలే అధికారిని అలా పిలిచేవారు. రావెన్నాలో, కార్తేజ్‌లో ఎక్సార్క్‌లుండేవారు. అంటే ఇతను రాజు కాడు, ఎక్కడో ఉన్న ఇంకెవరి తరఫునో కాపలా కాస్తున్నాడు. ఇంగ్లీషు అనువాదకుల ఎంపిక ఇది. జపనీస్‌లో ఆయన సుయిషో-కో, స్ఫటిక ప్రభువు. ఆ మాటలో ఏలిక ఉందిగానీ, ఇంకొకరి కోసం ఏలడం అనే సూచన లేదు. జపనీస్‌లో ఆడినవాళ్లకూ ఇంగ్లీషులో ఆడినవాళ్లకూ ఒకే చిక్కుముడి రెండు రకాలుగా కనిపించిందన్నమాట.

పేర్ల సంగతి కూడా ఇలాంటిదే. మికోటేల్లో సూర్యుణ్ని కొలిచే శాఖకు ఇంగ్లీషు అక్షరమాలలోని 26 అక్షరాల మీద 26 తెగలున్నాయి. పేరుకు ముందు తెగ అక్షరం వస్తుంది, మన ఇంటిపేరు ముందొచ్చినట్టే. మగవాడైతే చివర టియా లేదా నున్ అని వస్తుంది. నున్ అంటే తెగలో సంతానానికి హక్కున్నవాడు, టియా అంటే ఆ హక్కు లేనివాడు. గ్రహా టియా అన్న పేరు వింటే చాలు, రేస్, శాఖ, తెగ, తెగలో అతని స్థానం అన్నీ బయటపడతాయి. అలాంటివాడు తన రేస్ దాచాలంటే ముందు పేరు దాచాలి. ఎక్సార్క్ పేరెందుకు చెప్పడో ఇక్కడ అర్థమవుతుంది.

ఫస్ట్ లోకంలో రేస్‌ల పేర్లు కూడా మారిపోయి ఉంటాయి. మనకు తెలిసిన హ్యూర్ అక్కడ హ్యూమ్, ఎలెజెన్ ఎల్ఫ్, లాలాఫెల్ డ్వార్ఫ్, మికోటే మిస్టెల్. రోగాడిన్‌ను గాల్డ్‌జెంట్ అంటారు, ఔరాను డ్రాన్, వియెరాను వీస్, హ్రోత్‌గార్‌ను రాన్సో. మనుషులు అవే, మాటలు వేరు. ఇతను ఫలానా అని అక్కడి ఊరివాళ్లు చెప్పినా అది మన హీరో లోకపు మనిషి గురించా, అక్కడ పుట్టినవాడి గురించా అన్నది ఆ మాటను బట్టే తేలాలి. నగరంవాళ్లు మాత్రం ఎక్సార్క్ అని తప్ప ఇంకోలా పిలవరు.

వీటన్నిటికంటే ఎక్కువగా జనాన్ని తికమకపెట్టింది వయసు. ఎక్సార్క్ ఆ లోకానికి వచ్చి వందేళ్లయింది. నగర రక్షకుల నాయకురాలు లీనా ఒక వీస్, వియెరా అన్నమాట. ఆమెను చిన్నప్పటినుంచి పెంచింది ఆయనే, ఆమెకు తాతలాంటివాడు. గ్రహా టియా మాత్రం నాలుగేళ్ల కిందట మన కళ్లముందు నిద్రపోయిన కుర్రాడు. మికోటేలు వందేళ్లు దాటి అంత కుర్రగా ఉండరు. వియెరాలు మామూలు మనుషులకంటే మూడింతలు బతుకుతారు. ఎక్సార్క్ కూడా ఆ రేసే అయ్యుండాలన్న ఆలోచనకు పుట్టుక ఈ లెక్కే. ఎత్తు, చెవుల ఆధారం ఒకటి చెబుతుంటే వయసు ఆధారం ఇంకోటి చెప్పింది.

ఆ ముడి విప్పింది కాలం. ఈ రెండు లోకాల్లో గడియారాలు ఒకే వేగంతో నడవవు. మన లోకంలో కొన్నేళ్లు గడిచేసరికి అక్కడ వంద గడిచాయి. అదొక్కటే కాదు. ఎక్సార్క్ వచ్చింది భవిష్యత్తునుంచి. హీరో చనిపోయి, ఎనిమిదో మహావిపత్తులో లోకం నాశనమైన భవిష్యత్తు అది. అక్కడ సిడ్ గార్లాండ్ అనే ఇంజనీరు కర్మాగారం వారసులు తరాలతరబడి పనిచేసి, విపత్తు తర్వాత సుమారు 200 ఏళ్లకు గోపురం తలుపులు తెరిచి గ్రహాను లేపారు. ఎప్పుడో చనిపోయిన ఒక వీరుణ్ని కాపాడటానికి గోపురాన్నీ అతన్నీ కలిపి వెనక్కి పంపారు. గోపురానికి తనను తాను ముడివేసుకున్నాడు కాబట్టి అతను ముసలివాడు కాడు. దానికి బదులుగా ఒళ్లు కొంచెం కొంచెంగా స్ఫటికమైపోతుంది, ఒక చెయ్యి ఇప్పటికే పూర్తిగా అయిపోయింది. అందుకే ఏ రేస్ ఆయుష్షూ ఆయనకు సరిపోలేదు.

ఇంకో వర్గం ఇదంతా పక్కనపెట్టి, ముసుగంటే అసియన్ (Ascian) అనింది. ఈ గేమ్‌లో మొదటినుంచీ ముసుగు వేసుకుని వచ్చేది విలన్లే, వాళ్ల పేరు అసియన్లు. పైగా ఎక్సార్క్ పిలుపుతో మిత్రుల ఆత్మలు శరీరాలను వదిలి వెళ్లిపోయాయి. మంచివాడు అలా చేస్తాడా? ఇతను భవిష్యత్తులోంచి వచ్చిన హీరోయే అని కొందరు, వందేళ్ల కిందటి ఫస్ట్ వీరుడు ఆర్డ్‌బర్ట్ అని ఇంకొందరు. ఆర్డ్‌బర్ట్ వాదం కథ మొదట్లోనే వీగిపోయింది, అతను దెయ్యంలా హీరో పక్కకు వచ్చి నిలబడతాడు. భవిష్యత్తు హీరో వాదం మాత్రం సగం తగిలింది: భవిష్యత్తు నిజం, మనిషి వేరు.

ఒకటి చెప్పాలి. ఈ చర్చలో అందరి చేతుల్లోనూ ఒకే ఆధారాలు లేవు. క్రిస్టల్ టవర్ రైడ్ అప్పట్లో ఆడినా ఆడకపోయినా ముందుకెళ్లగలిగేది. అది ఆడనివాళ్లకు గ్రహా టియా అన్న పేరే తెలియదు. వాళ్లకు ఇది నిజంగానే చీకట్లో వెతుకులాట. ఆడినవాళ్లకు సమాధానం మొదటి రోజే తట్టింది. మొదట్లోనే గ్రహా గురించి ఎక్సార్క్‌ను అడిగే వీలుంటుంది. ఆ పేరు తనకు తెలియదంటాడు. తెలిసినవాళ్లకు ఆ అబద్ధం గుండెలో గుచ్చుకుంటుంది. తెలియనివాళ్లు అది నిజమేననుకుని ముందుకెళ్తారు.

అందుకే ఏ రేస్ అన్న ప్రశ్న అంతకాలం బతికింది. సమాధానం దొరక్క కాదు. దొరికినవాళ్లకు కారణం అంతుపట్టలేదు. ఇతను గ్రహాయే అయితే పాత స్నేహితుడి దగ్గర దాక్కోవడం ఎందుకు? సంతోషంగా ముసుగు తీసి నేనే అనొచ్చు కదా?

మనకు విరాట పర్వం తెలుసు కాబట్టి ఈ ప్రశ్న కొత్తది కాదు. బృహన్నలగా ఉన్న అర్జునుణ్ని ద్రోణుడు ముఖం చూసి పోల్చలేదు. తీరు, నడక, శంఖం మోత, వింటి చప్పుడు చెప్పేశాయి. కౌరవుల మధ్య గొడవ అతను అర్జునుడా కాదా అన్నదాని దగ్గర ఆగలేదు, గడువు ముగిసిందా లేదా అన్నదాకా వెళ్లింది. తెలిసిపోతే ఇంకో పన్నెండేళ్లు అడవి. వేషం వెనక ఒక ఒప్పందముంది. ఎక్సార్క్ ముసుగు వెనకా అలాంటి లెక్కే ఉంది.

ఆయన పథకం ఇదీ. ఫస్ట్ లోకాన్ని కాపాడుతూ హీరో ఒంట్లోకి కాంతి చేరిపోతుంది. ఒక దశ దాటితే ఆ కాంతే హీరోను చంపేస్తుంది. చివరి నిమిషంలో ఆ కాంతినంతా తనలోకి లాక్కుని, లోకాల మధ్య చీకట్లోకి దూకి చనిపోవాలని ఎక్సార్క్ ముందే నిశ్చయించుకున్నాడు. తానెవరో తెలిస్తే హీరో ఒప్పుకోడు. స్నేహితుణ్ని చావనివ్వడు. అందుకని గుల్గ్ పర్వతం మీద ఆఖరి కాంతిరక్షకుడు (హీరో కూలుస్తూ వచ్చిన కాంతి రాక్షసుల్లో చివరివాడు) పడిపోయాక ఎక్సార్క్ కావాలనే విలన్‌లా మాట్లాడతాడు, ఇన్నాళ్లూ ఈ శక్తి కోసమే మిమ్మల్ని వాడుకున్నానంటాడు. తనను ద్వేషిస్తూ హీరో బతికితే చాలనుకున్నాడు. ఆ వెలుగు హోరులో ముసుగు జారిపోతుంది. ఎర్రజుట్టు. ఎర్రకళ్లు. పిల్లిచెవులు. హీరో అతన్ని పేరుపెట్టి పిలుస్తాడు.

ఆ క్షణంలో అతని ముఖం చూడాలి. ఇంతకాలం దాచిన పేరు ఆ నోట వినిపించేసరికి చావుకు సిద్ధపడ్డ మనిషి ఒక్కసారిగా పాత కుర్రాడైపోతాడు. తెలుగులో చెప్పుకుంటే తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. ఎక్సార్క్‌ను ఆయన అంటాం, గ్రహాను అతను అంటాం. పైన రాసేటప్పుడు నాకు తెలియకుండానే ఆయన, అతను అంటూ అటూఇటూ మారిపోయాను. వందేళ్ల పెద్దరికం, పాతికేళ్ల కుర్రతనం ఒకే ఒంట్లో ఉన్నాయి. మరుక్షణమే వెనకనుంచి అసియన్లలో ఒకడైన ఎమెట్-సెల్క్ తుపాకీతో కాలుస్తాడు, పథకం తలకిందులవుతుంది.

ఫ్యాన్స్ ఊహ నిజమైంది. మికోటే. కానీ ఈ రాతలో నాకు బాగా నచ్చింది ఏంటంటే, ప్రధాన కథ రాసిన నత్సుకో ఇషికావా ఆ ఊహను ఎక్కడా అడ్డుకోలేదు. గోపురం ముందే చూపించారు, బిరుదులోనే క్రిస్టల్ అన్న మాట పెట్టారు. చూసేవాళ్లు ఎవరో పోల్చుకుంటారని తెలిసే రాసినట్టుంది. సమాధానం తెలిసినా ఆ సన్నివేశం బలం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. తెలిసినవాడు గంటలకొద్దీ సాగే ఆ కథలో ఎక్సార్క్ అన్న ప్రతి మాటనూ గ్రహా మాటగా వింటాడు. ఊరికే దయగా అన్నట్టున్న మాట అభిమాని తన హీరోతో అన్న మాటగా మారుతుంది.

2020 ఆగస్టులో వచ్చిన 5.3 ప్యాచ్ (గేమ్ అప్‌డేట్)తో క్రిస్టల్ టవర్ రైడ్‌ను ప్రధాన కథలో తప్పనిసరి చేశారు. అదే ప్యాచ్‌లో ఎక్సార్క్ శరీరం పూర్తిగా స్ఫటికమైపోతుంది. అతని జ్ఞాపకాలూ ఆత్మా మన లోకానికి చేరి, గోపురంలో నిద్రపోతున్న కుర్ర గ్రహా టియా ఒంట్లో కలుస్తాయి. ఇప్పుడు కొత్తగా ఆడేవాళ్లెవరైనా ఆ కుర్రాణ్ని గోపురంలో వదిలి తలుపులు మూసుకోవడం చూశాకే షాడోబ్రింగర్స్‌కు చేరతారు. క్రిస్టేరియం వాకిట్లో ముసుగు వేసుకున్న మనిషి ఎదురొచ్చి పలకరిస్తే, ఇతను ఏ రేస్ అని ఎవరూ అడగరు. నేను మాత్రం కొత్తవాళ్లు ఆ సన్నివేశం ఆడుతుంటే పక్కన కూర్చుని ఇంకా ఆ అంగీ వెనకవైపే చూస్తుంటాను, తోక ఎక్కడ పెట్టుకున్నాడా అని.